సెకండ్ హ్యాండ్ నెబ్యులా ఫిల్టర్ బేరమాడుతున్నారా? కాస్త ఆగండి

కడప నుంచి రాస్తున్నాను. నెబ్యులాలను, అంటే అంతరిక్షంలోని వాయు మేఘాలను ఫోటో తీయడానికి కెమెరాకు పెట్టే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి. నాకు 9,500 పోయాయి.

ప్రకటనలో పసుపు గళ్ళ గుడ్డ మీద పెట్టిన 2 అంగుళాల ఫిల్టర్. "రెండుసార్లే వాడాను బ్రదర్" అన్నాడు. కొత్తది బాగా ఖరీదు కదా, ఆశపడి యూపీఐలో కొట్టేశాను. కొరియర్ వచ్చింది. డబ్బా, రింగు మీది అక్షరాలు అన్నీ అసలుదానిలాగే ఉన్నాయి.

అమావాస్యకు మా బావమరిదితో గండికోట వెళ్ళాను. గుర్రపుతల నెబ్యులా మీద మూడేసి నిమిషాల ఫ్రేములు నలభై తీశాం. నెబ్యులాల్లోని హైడ్రోజన్ ఎరుపు వెలుగు తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు, ఆక్సిజన్ నీలాకుపచ్చ వెలుగుది 500.7. ఈ రెండుచోట్ల సన్నటి సందు వదిలి మిగతా వెలుగంతా ఆపడమే ఈ ఫిల్టర్ పని. ఆకాశం దాదాపు నల్లగా రావాలి. నాకేమో రోజ్‌మిల్క్ ఒలికినట్టు వచ్చింది. జమ్మలమడుగు వైపు దీపాల వెలుగు తగ్గనే లేదు. పక్కనే ఉన్న ఆల్నిటాక్ నక్షత్రం చుట్టూ గాజంత వలయం. గుర్రం తల వెనక ఉండే ఎర్రటి తెరను వెతుక్కోవాల్సి వచ్చింది.

అమ్మినవాణ్ణి అడిగితే "మీ కెమెరా మోడిఫై చేయించలేదేమో" అన్నాడు. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ముందుండే గాజు పలక ఆ ఎరుపును చాలావరకు తినేస్తుంది, కొత్తవాళ్ళైతే నమ్మేస్తారు. నా కెమెరాలో ఆ పలకను ఎప్పుడో తీయించాను. ఆ మాట చెప్పగానే బ్లాక్.

ప్రొద్దుటూరులో బంగారమైతే గీటురాయి మీద గీసి చూస్తారు. దీనికి పాత సీడీ చాలు. చీకటి గదిలో ఫోన్ టార్చ్ వెలుగు సీడీ మీద పడేసి, అందులో కనిపించే రంగులను ఫిల్టర్‌లోంచి చూశాను. అసలుదైతే ఒక నీలాకుపచ్చ గీత, ఒక ముదురు ఎరుపు గీత, మధ్యలో చీకటి. నాదాంట్లో నీలం, నారింజ, ఎరుపు అన్నీ వెడల్పుగా పరుచుకుని కనిపించాయి. అంటే ఉత్త రంగు గాజు! పైగా అసలు ఫిల్టర్ ముఖం అద్దంలా మెరుస్తుంది, కాస్త వంచితే లోంచి కనిపించే రంగు మారుతుంది. ఇది ఎటు తిప్పినా అదే గులాబీ రంగు. అమ్మేవాడిని ఈ సీడీ పరీక్ష వీడియో కాల్‌లో చేసి చూపించమనండి. కుదరదంటే వదిలేయండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు మెసేజ్‌లో వచ్చింది. ఇంకా ఏమీ తేలలేదు.

నిన్న రాత్రి అదే పసుపు గళ్ళ గుడ్డ మళ్ళీ కనిపించింది. పేరు వేరు, ధర 8,000.