మూడు రంగుల టార్చీలు, సముద్రపు గాలి

ఈ కాంతి ప్రయోగాల కిట్ మా ఇంటికొచ్చి ఏడాది దాటింది. అద్దాలు, పట్టకం, భూతద్దం ఏ కిట్‌లోనైనా ఉండేవే, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఎరుపు, ఆకుపచ్చ, నీలం టార్చీల గురించి. ఆ టార్చీలంటే నాకెంత ముద్దో, వాటిలో సెల్స్ పెట్టే గది అంటే అంత మంట.

రెండో తరగతి చదివే మా అమ్మాయికి డ్రాయింగ్ క్లాసులో ఎరుపు, ఆకుపచ్చ కలిపితే మట్టి రంగు వస్తుందని బాగా తెలుసు. అవే రెండు వెలుగులు గోడ మీద కలిస్తే పసుపు! "అమ్మా, ఇది మోసం" అంది. నీలం కూడా వేస్తే తెల్లగా అయిపోయింది. ముందు చదరంగం బంటు పెడితే మూడు నీడలు, మూడూ మూడు రంగులు. ఎర్ర వెలుగు ఆగిన చోట లేత నెమలికంఠం రంగు, ఆకుపచ్చ ఆగిన చోట రాణీ కలర్, నీలం ఆగిన చోట పసుపు. ఆ ఊపులోనే అపార్ట్‌మెంట్ గ్రూపులో "కళ్ళు మూసుకుని కొనేయండి" అని పెట్టేశాను.

వానాకాలం వచ్చింది. మాది విశాఖలో బీచ్‌కి దగ్గర ఇల్లు, కిటికీ గ్రిల్సే ఏటా రంగు వేయించుకుంటాయి. ఒక ఆదివారం పక్క ఫ్లాట్ల పిల్లలందరినీ కూర్చోబెట్టి లైట్లార్పి మొదలుపెడితే ఎర్ర టార్చి మిణుకుమంటోంది. అరచేత్తో కొడితే వెలుగుతుంది, చెయ్యి తీస్తే పోతుంది. చివరికి పూర్తిగా పోయింది. గోడంతా నెమలికంఠం రంగు. పిల్లలు ఊరుకున్నారు గానీ మాది మాత్రం "అమ్మా, గోడంతా ఎర్ర లైటు నీడే పడింది!" అని అరిచింది. నీడంటే ఏదో ఒక వెలుగు అందని చోటు అని నేను ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కలేదు, ఆ పాడైన టార్చి చెప్పేసింది.

సెల్స్ అయిపోయాయేమో అన్నారు మావారు. సెల్స్ నీరసిస్తే ముందు తగ్గాల్సింది నీలం. దానికి దాదాపు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. అనుమానంతో మూత తీసి చూస్తే స్ప్రింగు మీద గోధుమరంగు పొడి, వేలికి అంటుకుంటోంది. ఉప్పు కాగితంతో గీకి, పాత టూత్‌బ్రష్‌తో నిమ్మరసం రాసి తుడిస్తే వెలిగింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే. తర్వాత ఆకుపచ్చదీ అదే దారి పట్టింది. ఆఖరికి జగదాంబ సెంటర్ దగ్గర ఒక రిపేరు షాపాయన స్ప్రింగులు పీకేసి, రెసిస్టర్లు పెట్టి, ఫోన్ చార్జర్‌తో వెలిగేలా వైర్లు టంకం వేసిచ్చాడు. "తుప్పు పట్టని స్ప్రింగు వేస్తే వాళ్ళ సొమ్మేం పోయిందమ్మా" అన్నాడు. నా మాటా అదే.

కిట్‌తో వచ్చే పుస్తకం మన ఊరి కోసం రాసింది కాదు. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందట. విశాఖలో జూన్‌లో పుల్ల పాతి చూడండి, దక్షిణానికి పడుతుంది. సి.వి. రామన్ బొమ్మ వేసి 1930 నోబెల్ అని రాశారు. ఆయన బడి చదువు మన ఊళ్ళోనే అని పాపకి నేనే చెప్పుకున్నాను.

గ్రూపులో పెట్టిన మాట తీసెయ్యలేదు గానీ, ఎవరైనా అడిగితే ఇప్పుడు ముందు ఇల్లెక్కడో అడుగుతున్నాను. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు ఉన్నవాళ్ళకి ఈ గొడవే రాకపోవచ్చు. బీచ్ పక్కనైతే వాడాక సెల్స్ తీసేసి, టార్చీలు గాలి చొరబడని డబ్బాలో పెట్టే ఓపిక ఉండాలి. సాయంత్రం గది చీకటి చేసి పక్కన కూర్చునే మనిషీ ఉండాలి. నేను ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను కాబట్టి మాకు గిట్టుబాటైంది. ఆ మూడు టార్చీలూ విడిగా అమ్మితే మళ్ళీ కొంటాను, మొత్తం పెట్టె మాత్రం ఈ ధరకి ఇంకోసారి కొననేమో.