గరాజ్ డోర్‌కి నైలాన్ రోలర్లు: మూడేళ్లు వాడాక

పెట్టెలో పది రోలర్లు వచ్చాయి, అంటే గరాజ్ తలుపుకి రెండు పక్కలా ఉండే ఇనుప ట్రాకుల్లో నడిచే చిన్న చక్రాలు. నా చేత్తో మార్చింది ఎనిమిదే. మిగతా రెండూ ఏడాదికి పైగా గరాజ్ అరలో బియ్యం బస్తాల పక్కనే ఉండిపోయాయి. కావాలనే ఉంచాను. పెట్టెతో వచ్చిన కాగితంలో మాత్రం ఆ రెంటి గురించి ఒక్క ముక్క లేదు. నాలుగు బొమ్మలు వేసి, పదింటినీ ఒకే తీరున మార్చేయొచ్చన్నట్టు చూపించి వదిలేశారు. రోలర్లు మంచివే. ఆ కాగితం మీద నా కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే దాన్ని నమ్మి పని మొదలుపెట్టినవాళ్ల చేతులు పోతాయి.

మాది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో 2017లో కట్టిన ఇల్లు. రెండు కార్ల తలుపు, పదహారడుగుల వెడల్పు, నాలుగు పలకలు. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో ముందు తలుపు చాలామటుకు చుట్టాలకే, ఇంట్లోవాళ్ల రాకపోకలన్నీ గరాజ్ గుండానే. మాకైతే రెండో పొయ్యి కూడా అక్కడే. చేపల వేపుడైనా, పెద్ద పోపైనా తలుపు సగం ఎత్తి అక్కడే కానిస్తాం. దాని పైన గదిలోనే అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చినప్పుడు పడుకుంటారు. బిల్డర్ వేసినవి బేరింగ్ లేని ఉత్త ప్లాస్టిక్ చక్రాలు. తెల్లవారుజామున మావారు కారు తీస్తే పైన మంచం అదిరేది.

చప్పుడుకి అలవాటుపడి ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేవాళ్లమేమో. కానీ 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయినప్పుడు మాకూ పోయింది. ఎర్ర తాడు లాగి మోటార్ నుంచి తలుపు విడదీసి చేత్తో ఎత్తాల్సి వచ్చింది. బరువంతా స్ప్రింగులే మోస్తాయి కాబట్టి ఇలాంటి తలుపు ఒక చేత్తో లేవాలి. మాది ట్రాక్ వంపు దగ్గర రెండు చేతులకీ లొంగలేదు. టార్చి వేసి చూస్తే చక్రాలు ఒక పక్కకి అరిగిపోయి, కడ్డీ మీద వంకరగా ఊగుతున్నాయి. అలాంటి చక్రం ఏదో ఒకరోజు ట్రాక్‌లోంచి బయటికి దూకుతుంది. ఆ తలుపు కింద నుంచే పిల్లలు సైకిళ్లు తీసుకెళ్తారు.

కొలతల జోలికి ఎక్కువ పోను, అవి అందరికీ దొరికేవే. నేను కొన్నవి రెండంగుళాల నైలాన్ చక్రం, నాలుగంగుళాల కడ్డీ, లోపల పదమూడు గుండ్లు, రెండు వైపులా మూతపడిన బేరింగ్. ఆ మూతే నాకు ముఖ్యం. పోపు ఆవిరి, టెక్సాస్ దుమ్ము కలిసి మా గరాజ్‌లో ప్రతిదాని మీదా జిగురుగా పేరుకుంటాయి. తెరిచి ఉన్న బేరింగ్ అయితే ఆ జిగురుకి పట్టేసేది.

2022 వసంతంలో మామయ్యగారు వచ్చినప్పుడు పని పెట్టుకున్నాం. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. రోలర్ చేతిలోకి తీసుకోకముందే తలుపు సంగతి చూద్దామన్నారు. తలుపు మూసి ఉండగా ఎర్ర తాడు లాగి, నడుం ఎత్తుకి లేపి వదిలాం. అక్కడే నిలబడింది. అలా నిలబడక కిందికి జారితే స్ప్రింగు నీరసించిందని అర్థం. అప్పుడు రోలర్ల సంగతి పక్కనపెట్టి టెక్నీషియన్‌ని పిలవాలి. తలుపు మళ్లీ పూర్తిగా మూసి మోటార్‌కి తగిలించాక, పైకప్పు సాకెట్లోంచి మోటార్ ప్లగ్ తీసేశాం. రిమోట్లు దాచిపెడితే చాలదు, కారు అద్దం దగ్గర కూడా బటన్ ఉంటుంది. రెండు వైపులా ట్రాక్‌కి, ఒక రోలర్‌కి సరిగ్గా పైన, వైస్‌గ్రిప్ (బిగించాక వదలకుండా పట్టుకునే పట్టకారు) బిగించాం. ఇక తలుపు తనంతట తాను పైకి లేవదు.

తర్వాత పని తేలికే. ఒక్కసారికి ఒక్క హింజ్ (పలకల్ని కలుపుతూ, రోలర్ కడ్డీని పట్టుకునే రేకు బందు) మాత్రమే. రెండోది ముట్టుకునే ముందు మొదటిది మళ్లీ బిగించి ఉండాలి. మా వాటికి ఏడు బై పదహారు అంగుళాల సాకెట్ సరిపోయింది. బోల్టులు తీసి, హింజ్‌ని కొంచెం వెనక్కి లాగి, పాత రోలర్ తీసేసి, కొత్తదాన్ని వాల్చి ట్రాక్‌లోకి ఎక్కించి, కడ్డీని హింజ్‌లోకి దూర్చి బిగించడమే. హింజ్‌ల మీద 1, 2, 3 అని అచ్చు గుద్ది ఉంటుంది. కింది నుంచి పైకి పోయేకొద్దీ రోలర్ తలుపుకి దూరం జరుగుతుంది కాబట్టి ఆ అంకెలు తారుమారు కాకూడదు. పలకల మధ్య సందులో వేళ్లు పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

పక్కకి నాలుగు చొప్పున అయిపోయాయి. అడుగున ఉన్న బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మామయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

"అమ్మా, ఆగు. ఆ తీగ ఎక్కడికి పోతోందో చూశావా?"

ఆ బ్రాకెట్‌కి తగిలించిన ఇనుప తీగ తలుపు వెంట పైకి పోయి, చివరున్న డ్రమ్ముకి చుట్టుకుంటుంది. ఆ డ్రమ్ము, స్ప్రింగు ఒకే ఇరుసు మీద ఉంటాయి.

"తలుపు దిగి ఉన్నప్పుడే స్ప్రింగు పూర్తిగా బిగిసి ఉండేది. ఆ బలమంతా ఇప్పుడు ఈ బోల్టుల మీదే ఆగి ఉంది. విప్పావంటే బ్రాకెట్టు తీగతో సహా పైకి ఎగురుతుంది. దారిలో చెయ్యి ఉందా, మొహం ఉందా అని చూడదు. నువ్వు ముట్టుకోకు, నేనూ ముట్టుకోను."

"మరి ఈ రెండూ ఎట్లా మామయ్యా?"

"స్ప్రింగు వదులు చేసేవాడు వచ్చిన రోజు చేయిద్దాం. తొందరేముంది?"

మా తలుపుకి ఆ బోల్టుల మీద, ముట్టుకోవద్దన్న గుర్తుగా, ఎర్ర రంగు కూడా పూసి ఉంది. ముప్పై ఏళ్లు బస్సుల కింద పనిచేసిన మనిషి చెయ్యి పెట్టనన్న చోట, బొమ్మల కాగితం ఒక్క హెచ్చరిక కూడా రాయలేదు. నా కోపం అక్కడే. ట్రాక్ అంచు రేకు వంచి అడుగు రోలర్లు తీసే పద్ధతి వీడియోల్లో కనబడుతుంది. వంచిన రేకు మునుపటిలా కూర్చోకపోతే రోలర్ సరిగ్గా అక్కడే బయటికి వస్తుంది. అందుకే అదీ వద్దనుకున్నాను.

ఎనిమిది మార్చి ప్లగ్ పెట్టి బటన్ నొక్కాక వంటింట్లో ఉన్న అత్తయ్యగారు "తలుపు లేచిందా?" అని అడిగారు. అంత తేడా! ఆ వారం ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ తలుపు తెరిచి మూసి చూపించాను. తర్వాత ఇంకో పని కూడా చేయాలి. మూసుకునే దారిలో నేల మీద రెండు బై నాలుగు అంగుళాల సైజు చెక్కని బల్లపరుపుగా పెట్టి, తలుపు దానికి తగలగానే వెనక్కి లేస్తోందో లేదో చూడాలి. కింద రెండు పక్కలా ఉండి, అడ్డం వచ్చినదాన్ని పసిగట్టే సెన్సర్ కళ్లు కూడా నేల నుంచి ఆరంగుళాలు మించకుండా ఉండాలి. ఈ రక్షణలు ఇక్కడ 1993 నుంచి కొత్త మోటార్లకి తప్పనిసరి.

ఆ మరుసటి ఏడాది ఒక రాత్రి గరాజ్‌లో తుపాకీ పేలినట్టు చప్పుడైంది. రెండు స్ప్రింగుల్లో ఒకటి తెగింది. మామూలు స్ప్రింగులకి పదివేల సార్లు లేచి దిగడం వరకే ఆయుష్షు లెక్కగడతారు. రోజుకి ఐదుసార్ల చొప్పున చూస్తే ఐదారేళ్లు. మాది లెక్క తప్పలేదు. స్ప్రింగులు రెండూ మార్చడానికి వచ్చినతను ఉక్కు కడ్డీలతో మిగిలినదాన్ని వదులు చేశాక, అరలోంచి ఆ రెండు రోలర్లూ తెచ్చి ఇచ్చాను. తీగలో బిగువే లేదు కాబట్టి అడుగు బ్రాకెట్లు మామూలు రేకు ముక్కల్లా ఊడివచ్చాయి. అదే రాకలో వేసేశాడు, వేరే డబ్బు అడగలేదు. ఆ రెంటి కోసమే విడిగా పిలిచి ఉంటే రాకకే వంద డాలర్ల దాకా అయ్యేది. మీ తలుపుకి ఐదారేళ్లు నిండుతుంటే నేను చెప్పేది ఇదే: ఎనిమిది మార్చుకోండి, రెండు దాచుకోండి. కాకపోతే దాచిన ఆ ఏడాదీ కింది పాత రోలర్లని అప్పుడప్పుడూ గమనిస్తూ ఉండాలి. అవి మరీ ఊగుతుంటే ఆగకుండా పిలిపించాలి.

మొదట్లో ఈ రోలర్లని ఆకాశానికెత్తాను కదా, ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కిందటి చలికాలం టక్ టక్ మని చప్పుడు మళ్లీ మొదలైంది, అదీ ఒక పలక వంపు తిరిగేటప్పుడు మాత్రమే. బేరింగ్ పోయిందేమోనని ముందు రోలర్‌నే అనుమానించాను. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. దాని హింజ్ కింద నల్లటి ఇనుప పొడి కనబడింది. కడ్డీ దూరే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. పాత చక్రాలకి బేరింగ్ లేక, చక్రానికి బదులు కడ్డీయే హింజ్‌లో తిరిగి ఐదేళ్లపాటు ఆ రంధ్రాన్ని కోసింది. కొత్త రోలర్ ఎంత మంచిదైనా సాగిన రంధ్రంలో కొట్టుకుంటుంది. అదే అంకె ఉన్న హింజ్ తెప్పించి మార్చాక చప్పుడు పోయింది. బిల్డర్లు వేసేవి ఎక్కువగా పద్దెనిమిది గేజ్ పల్చటి రేకువి, పద్నాలుగు గేజ్‌వి మందంగా ఉంటాయి. ధరలో తేడా తక్కువే. కాబట్టి రోలర్లు మార్చే రోజునే ప్రతి రంధ్రంలోనూ కడ్డీని ఊపి చూడటం మంచిది.

ఇంకొకటి. చెయిన్ మోటార్ గుర్రుమనేది రోలర్లు మారిస్తే పోదు. పైగదిలో అది ఇప్పటికీ వినబడుతుంది. గడగడలు, అదురు మాత్రమే పోయాయి.

సంరక్షణ పెద్దగా లేదు. ట్రాక్‌ని గుడ్డతో తుడవడమే, అందులో గ్రీజు రాయకూడదు. హింజ్‌లకి, స్ప్రింగులకి ఏడాదికి రెండుసార్లు సిలికాన్ స్ప్రే కొడతాను.

ఇదంతా మా ఇంటి లెక్క. తలుపే ప్రధాన ద్వారం, పైన పడకగది, పక్కన చెయ్యి తిరిగిన మనిషి. రోజుకి ఒకసారి తెరిచే ఒంటి కారు తలుపుకి ఈ తేడా ఇంతగా తెలియకపోవచ్చు. స్ప్రింగు తలుపు నెత్తిన కాకుండా ట్రాక్ వెంట పొడుగ్గా సాగే రకమైతే దాని బిగువు తీరే వేరు, నా మాట పట్టుకుని దిగొద్దు. అద్దె ఇల్లయితే ఓనర్ చేతే చేయించండి. నేనైతే మళ్లీ కొనాల్సివచ్చినా ఇవే కొంటాను, అదే ఆర్డర్‌లో పద్నాలుగు గేజ్ హింజ్‌లు కూడా కలిపి.