బస్తీ పిల్లను గురుకులంలో వేయొచ్చా? మూడేళ్లు చూశాక నా రివ్యూ

మాది మహబూబ్‌నగర్ టౌన్. నేను ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. ఉన్నది ఒకటే అద్దె గది, వంట అందులోనే, మిషన్ అందులోనే, పడక అందులోనే. పెద్ద బిడ్డను ఐదో తరగతిలో సాంఘిక సంక్షేమ గురుకులంలో వేశాం, ఇప్పుడు ఎనిమిది. ఏ ఊరి గురుకులమో చెప్పను, బిడ్డ ఇంకా అక్కడే చదువుతోంది కదా. ఎంట్రన్స్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, గల్లీలో ఎవరో ఒకరు "అక్కా, వేయమంటావా, వద్దా" అని వస్తారు, అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది ఫ్రీయేనా అని. అవును, చదువు, తిండి, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఫ్రీయే. కానీ నేను మార్కులు వేసేది దానికి కాదు, స్టడీ అవర్‌కు. నాలుగో తరగతి దాకా మా బిడ్డ ప్రైవేటు బడికి పోయేది, ఫీజు బాకీ ఉందని రెండుసార్లు క్లాసు బయట నిలబెట్టారు, అది ఒక బాధ. ఇంటికొస్తే ఇంకో బాధ, పెళ్లిళ్ల సీజన్లో నా మిషన్ రాత్రి పదకొండు దాకా ఆగదు, బిడ్డ ఓనర్ వాళ్ల మెట్ల కింద బల్బు దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకునేది, మధ్యలో పాల ప్యాకెట్ తెమ్మని నేనే లేపేదాన్ని. గురుకులంలో సాయంత్రం పుస్తకం ముందు కూర్చుంటే లేపేవాళ్లు లేరు, టీచర్ అక్కడే ఉంటుంది. మొదటి దసరా సెలవులకు వచ్చినప్పుడు ఏడు కాగానే పుస్తకం పట్టుకుని గదంతా చూసి, "అమ్మా, ఒక గంట మిషన్ ఆపుతావా" అంది. ఆపేశాను. మర్నాడు రెండు బ్లౌజులు లేటయ్యాయని కస్టమర్‌తో మాటపడ్డాను, అది వేరే సంగతి.

"గురుకులాలు పల్లెటూరి పిల్లలకు కదా" అని కొందరంటారు. మొదలైంది అట్లానే. 1971లో పీవీ నరసింహారావు హయాంలో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది పెట్టింది చదువులో చురుకైన పల్లె పిల్లల కోసమే. మన పాలమూరులో తల్లిదండ్రులు బొంబాయి, పుణె కూలికి పోతే పిల్లల చదువు ఆగకుండా సాగింది కూడా హాస్టళ్ల వల్లే. కానీ టౌన్లో ఒక్క గదిలో పెరిగే పిల్లకు మాత్రం చదువుకునే జాగా ఎక్కడుంది? రూల్స్‌లో కూడా మనకు అడ్డేం లేదు, ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, టౌన్లో 2 లక్షల లోపు ఉంటే రాయొచ్చు.

ఇక తిట్టాల్సినవి. మా బిడ్డ ఉన్నది కిరాయి బిల్డింగు, ఎప్పుడో వేరే కాలేజీ కోసం కట్టింది. బాత్రూములు చాలవు. తెల్లారి నాలుగున్నరకే లేచి బకెట్ లైన్లో పెట్టి మళ్లీ పడుకుంటారట. రెండో ఏడు చేతివేళ్ల మధ్య గజ్జి పట్టుకుని వచ్చింది, తగ్గేసరికి మా ఇంట్లో అందరికీ అంటుకుంది. లెక్కల టీచర్ మూడేళ్లలో మూడుసార్లు మారింది. ఈ విషయం అడిగితే ప్రిన్సిపాల్ "పైకి రాశామమ్మా" అంటుంది, మూడేళ్లుగా అదే మాట.

తిండి మొదట్లో నీళ్ల పప్పు. 2024 చివర్లో ప్రభుత్వం పిల్లల తిండికి ఇచ్చే మెస్ ఛార్జీలు పెంచారు, ఎనిమిది నుంచి పది తరగతులకు ఒక్కో బిడ్డకు నెలకు 1100 ఉన్నది 1540 చేశారు. రోజుకు 50 రూపాయల చిల్లర, అందులోనే టిఫిన్, రెండు పూటల భోజనం, గుడ్డు, చికెన్. ఆ డబ్బుతో ఎట్లా వండుతారో ఇల్లు నడిపే నాకే అర్థం కాదు, అయినా పప్పు చిక్కబడిందని బిడ్డే చెప్పింది.

బిడ్డలో మార్పు నేను చూసింది మీసేవలో. ఆదాయం సర్టిఫికెట్ కోసం పోతే వాళ్ల నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది. నేనైతే ఏమంటారోనని ఊరుకునేదాన్ని. ఇది ముందుకుపోయి, "సార్, స్పెల్లింగ్ తప్పుంది, ఇప్పుడే మార్చండి, మళ్లీ రాలేం" అంది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ కూడా సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లే, ఆమె ఫొటో చూపించి టీచర్లు ఎన్నిసార్లు చెప్పారో ఏమో, మాది మాత్రం కౌంటర్ దగ్గర భయపడడం మానేసింది, నాకది చాలు.

మొత్తానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర బాత్రూములకు, లెక్కల టీచర్‌కు కోసేశాను. చిన్నోడు ఇప్పుడు నాలుగో తరగతి, వాడితోనూ రాయిస్తున్నాను. పరీక్ష 100 మార్కులకు, తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొంచెం మెంటల్ ఎబిలిటీ. కోచింగ్ అని వేలు పోయకండి, నాలుగో తరగతి పుస్తకాలు గట్టిగా చదివిస్తే సరిపోతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మాత్రం ముందే తీసి పెట్టుకోండి, సీటొచ్చాక పరుగెత్తితే టెన్షన్.

ఇంకోటి, ట్రంకు పెట్టెకు తాళం రెండు చెవులది కొని ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. మాది మొదటి నెలలోనే చెవి పోగొట్టుకుంది, నేను ఇక్కడి నుంచి బస్సులో సుత్తి పట్టుకుని పోవాల్సి వచ్చింది.