గీసిన నమూనా, గణించిన నమూనా

ఖనిజ నిక్షేపానికి త్రిమితీయ నమూనా తయారుచేసే పాత పద్ధతిలో, భూగర్భ శాస్త్రవేత్త డ్రిల్లింగ్ వరుసల వెంబడి అడ్డుకోతలు తీసుకుని, ప్రతి కోతపై నిక్షేపపు హద్దును స్వయంగా గీసి, ఆ గీతలన్నిటినీ కలిపి వైర్‌ఫ్రేమ్ (గీతల వలతో ఏర్పడే త్రిమితీయ ఆకృతి) నిర్మిస్తారు. ప్రతి గీత వెనుకా ఒక ఆలోచన ఉంటుంది. అయితే కొత్త బోరు ఫలితం రాగానే చాలా గీతలు మళ్లీ గీయాలి.

2000ల తొలి దశకంలో లీప్‌ఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌తో వ్యాప్తిలోకి వచ్చిన ఇంప్లిసిట్ పద్ధతి రేడియల్ బేసిస్ ఫంక్షన్ల (తెలిసిన బిందువుల నుంచి ఉన్న దూరాన్ని బట్టి మధ్య విలువలను అంచనా వేసే గణిత సూత్రాల) సాయంతో హద్దును డేటా నుంచే గణిస్తుంది కనుక, సవరణ త్వరగా పూర్తవుతుంది. ఈ సౌలభ్యం నిజంగా విలువైనదే.

కానీ బోర్లు దూరదూరంగా ఉన్నచోట, పొరల వాలునూ దిశనూ తెలపకుండా వదిలేస్తే, ఈ పద్ధతి సన్నని సిరను (రాతి పగులులో నిండిన ఖనిజపు పొరను) విడివిడి బుడగలుగా చూపవచ్చు. ఏ భ్రంశం (రాళ్లు పక్కకు జరిగిన పగులు) ముందు ఏర్పడింది, ఏది దేన్ని కోసింది అన్నది కూడా మనిషే చెప్పాలి. ఓరియెంటెడ్ కోర్ (భూమిలో ఉన్న దిశను గుర్తించి బోరు నుంచి తీసిన రాతి స్తంభం) నుంచి నమ్మదగిన నిర్మాణ కొలతలు ఉంటే నేను ఇంప్లిసిట్ పద్ధతినే ఎంచుకుంటాను. అవి లేని తొలిదశ అన్వేషణలో మాత్రం, ముడతలనూ భ్రంశాలనూ ముందుగా అడ్డుకోతలపై చేత్తో గీసి అర్థం చేసుకోవడమే సురక్షితం.