ఎర్లీ డెసిషనా, ఎర్లీ యాక్షనా: ఏది మేలు?

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో దసరా వచ్చేసరికి ఒకటే చర్చ: నవంబరు 1 లోపు ఏ కాలేజీకి, ఏ పద్ధతిలో దరఖాస్తు పెట్టాలి? అందరూ పిల్లల మార్కులు ముందు వేసుకుని కూర్చుంటారు. నన్నడిగితే ముందు తీయవలసింది తల్లిదండ్రుల జమాఖర్చుల పుస్తకం.

ఎర్లీ డెసిషన్ తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది. ఈ పద్ధతిలో ఒక్క కాలేజీకే పెట్టాలి. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకాలు చేయాలి. డిసెంబరు మధ్యలో సీటు వస్తే అక్కడే చేరాలి, మిగతా కాలేజీలకు పెట్టిన దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. బ్రౌన్, డ్యూక్ వంటి చోట్ల ఈ దారిలో ఎంపికయ్యేవారి శాతం మామూలు గడువులో పెట్టే రెగ్యులర్ పద్ధతి కంటే బాగా ఎక్కువ; ఆశ పుట్టించేది అదే. కానీ ఆ శాతంలో ముందే ఖాయమైన క్రీడాకారులూ ఉంటారు. ఆ తేడా అంతా మన పిల్లలకే దక్కుతుందనుకుంటే పొరపాటు.

అసలు చిక్కు డబ్బు దగ్గర. సీటు ఖాయమయ్యాక నాలుగు కాలేజీల ఆర్థిక సాయాన్ని పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. సాయం చాలకపోతే విడిపించుకోవచ్చు, నిజమే. అయితే ఎంత సాయం కావాలో లెక్కగట్టేది కాలేజీ సూత్రం. రెండు సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇంటిని చూసి అది చాలాచోట్ల ‘మీరే కట్టుకోగలరు’ అంటుంది. కట్టవలసింది ఏడాదికి 90,000 డాలర్ల పైమాటే కావచ్చు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా మనం ఎంత కట్టాలో అంచనా వేసి చెప్పే సాధనం) ఉండాలని 2011 నుంచి నిబంధన ఉంది. సంతకానికి ముందే ఒక సాయంత్రం దాని ముందు కూర్చోండి.

హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సాయం అందదు. చాలా ప్రైవేటు కాలేజీలు వారిని విదేశీ విద్యార్థులుగానే చూస్తాయి. సాయం అడిగితే ఎంపికకే దెబ్బ తగలవచ్చు. ఆమ్‌హెర్‌స్ట్, బౌడిన్, డార్ట్‌మత్, బ్రౌన్ మాత్రం విదేశీయుల విషయంలోనూ ఆర్థిక అవసరాన్ని చూడకుండా ఎంపిక చేస్తాయి. సాయం లేనిదే కదలలేని హైదరాబాద్, విజయవాడ విద్యార్థి ఎర్లీ డెసిషన్ పెట్టాలనుకుంటే ఇలాంటి చోటే పెట్టాలి.

మిగతావారిలో ఎక్కువమందికి ఎర్లీ యాక్షనే మేలు. ఇందులోనూ ముందే దరఖాస్తు పెట్టాలి; కానీ చేరి తీరాలన్న కట్టుబాటు లేదు, ఎన్నింటికైనా పెట్టవచ్చు, జవాబు చెప్పడానికి మే 1 దాకా గడువు. పర్డ్యూ, ఇలినాయ్ అర్బానా-షాంపేన్ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ కావాలంటే ఇది దాదాపు తప్పనిసరి. ఆలస్యంగా పెట్టేవారికి సీట్లు మిగలడం కష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో ముందస్తు పద్ధతే లేదు కనుక అక్కడ ఈ గొడవ లేదు.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది మధ్యేమార్గం: కట్టుబాటు ఉండదు, కానీ మరో ప్రైవేటు కాలేజీకి ముందస్తుగా పెట్టకూడదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఎర్లీ యాక్షన్ పెట్టుకోవచ్చు. అంత బలమైన దరఖాస్తు ఉంటే ఇది మంచి బేరమే.

డిసెంబరులో కాదన్నారని జనవరిలో రెండో విడత ఎర్లీ డెసిషన్‌కు పరుగెత్తేవారుంటారు. న్యూయార్క్ యూనివర్సిటీ, ఎమొరీ, వాండర్‌బిల్ట్‌లలో ఆ వీలుంది. షరతులు మాత్రం మొదటి విడతవే. ఆ కాలేజీ ఖర్చు లెక్క అక్టోబరులోనే చూసిపెట్టుకోని ఇంటివారు క్రిస్మస్ సెలవుల హడావిడిలో దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.