గడ్డి కట్టల యంత్రం అద్దె సేవ: తెనాలి మాగాణిలో వాడి చూసిన తరువాత

సార్వా వరి కోతలు అయ్యాక గడ్డిని పొలంలోనే గుండ్రటి కట్టలుగా చుట్టి ఇచ్చే బేలర్ యంత్రం ఇప్పుడు తెనాలి, దుగ్గిరాల చుట్టుపక్కల ట్రాక్టరు, డ్రైవరుతో సహా అద్దెకు దొరుకుతున్నది. మా ఊళ్లో కొందరు రైతులు కలిసి నడుపుతున్న ఈ సేవను మా చేలో వాడి చూశాను. పని విషయంలో దీనిని నమ్మవచ్చు. చెప్పిన రోజుకు వస్తుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకూడదు.

మా ప్రాంతంలో గడ్డికి నిప్పు పెట్టేది బద్ధకంతో కాదు. వరి తరువాత దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతిలో నేలలో మిగిలిన పదును ఆరకముందే రంధ్రాలు చేసి గింజ నాటాలి. కోత యంత్రం వదిలిన గడ్డి చాళ్లు మందంగా పడి ఉంటే రంధ్రం చేయడానికి చోటు కనబడదు, కలుపు మందు నేలను తాకదు. కూలీలతో గడ్డి మోయిస్తే ఖర్చు, పైగా ఆలస్యం. అగ్గిపుల్లతో అయితే సాయంత్రానికి చేను ఖాళీ అవుతుంది. కాబట్టి ఈ సేవ పోటీ పడవలసింది మరో యంత్రంతో కాదు, అగ్గిపెట్టెతో.

ఆ పోటీలో యంత్రం పనితనం బాగానే ఉంది. చాళ్ల వెంట సాగుతూ గడ్డిని ఎత్తుకొని, బిగువుగా చుట్టి, దారం కట్టి వెనుక వదిలివేస్తుంది. ఒక మనిషి లేపి ట్రక్కులోకి అందించగలిగిన బరువులోనే కట్టలు వస్తాయి. కొయ్యకాళ్లు అలాగే మిగులుతాయి గాని, కోత కిందికి కోయించినట్లయితే మొక్కజొన్న నాటడానికి అవి అడ్డు రావు. గట్ల అంచున, మూలల్లో మిగిలే గడ్డిని చేతితో చాళ్లలోకి లాగి పెట్టుకోవలసిందే. రుసుము గంటకు కాక కట్టకు ఇంతని లెక్క కడతారు. ఇది న్యాయంగానే ఉన్నా, వదులుగా చుడితే కట్టల సంఖ్య పెరుగుతుంది కాబట్టి మొదటి నాలుగు కట్టలను దగ్గరుండి ఎత్తి చూసుకోవడం మంచిది.

పిలిపించే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గడ్డిని తరిగి చల్లే అమరిక ఉన్న కోత యంత్రంతో కోయించిన చేలో బేలర్‌కు ఎత్తుకోవడానికి ఏమీ దొరకదు. ఉదయం మంచు ఆరకముందు చుట్టిన కట్ట లోపల బూజు పడుతుంది, ఆ మేతను గేదె ముట్టదు. కోతకు ముందే వరిలో మినుము చల్లిన వారికి ఈ సేవ అసలు పనికిరాదు, ఎందుకంటే ట్రాక్టరు చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి. వీరికి గడ్డిని ఎలా తీయాలన్న ప్రశ్నకు ఇప్పటివరకు కూలీలు తప్ప వేరే జవాబు లేదు.

అసలు ఇబ్బంది వరుసలో ఉంది. ఊరంతా ఒకే వారంలో కోస్తుంది, యంత్రం ఒక్కటే. పేరు రాసుకొని రశీదు ఇస్తారు గాని దాని మీద తేదీ రాయరు. మాకు నోటిమాటగా చెప్పిన రోజు దాటిపోయి, ఫోను చేస్తే రేపనే మాటే వినిపించింది. మా పక్క చేను వారు ఎదురుచూసి, పదును పోతుందన్న భయంతో నిప్పు పెట్టారు. డిసెంబరు 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టా చేలు ఏమయ్యాయో చూసిన రైతును ఇంకొన్నాళ్లు ఆగమనడం తేలిక కాదు.

ప్రభుత్వ ప్రయత్నాలను కూడా, పదును పోకముందే చేను ఖాళీ అవుతుందా అన్న ఈ కొలతతోనే చూడాలి. టన్ను వరిగడ్డి కాలితే సుమారు 3 కిలోల సూక్ష్మ ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయని అంచనా. విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరాలే; అయితే నగరపాలక సంస్థ అధికారం నగర పొలిమేర దగ్గర ఆగిపోతుంది, పొగ ఆగదు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలలో 2024 నవంబరులో గడ్డి కాల్చినవారికి వేసే జరిమానాను రెట్టింపు చేసి, రెండెకరాల లోపు రైతుకు 5,000, అయిదెకరాలు దాటితే 30,000 రూపాయలుగా నిర్ణయించారు. పంజాబ్, హర్యానాల వంటి చోట్ల 2018 నుంచే యంత్రాలకు రైతులకు 50 శాతం, సహకార సంఘాలకు 80 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. నా ఉద్దేశంలో మన పంచాయతీలు అనుసరించదగినది ఈ రెండవ దారి. మైకులో హెచ్చరిక చదివించడం కన్నా, కోతల వారంలో పక్క మండలం నుంచి ఇంకో యంత్రాన్ని రప్పించి, ఏ చేనుకు ఏ రోజో గ్రామ సచివాలయం గోడ మీద రాసి పెట్టించడం ఎక్కువ చేలను మంట నుంచి తప్పిస్తుంది.

ఇంకొక మాట. టన్ను గడ్డిలో సుమారు 25 కిలోల పొటాషియం ఉంటుంది; కట్టలు అమ్మితే అదీ చేను దాటిపోతుంది, కాబట్టి మొక్కజొన్నకు పొటాష్ తగ్గించకూడదు. కాల్చితే బూడిదలో అందులో చాలా భాగం మిగులుతుందని వాదించేవారున్నారు, నిజమే. నత్రజని మాత్రం దాదాపు అంతా పొగలోనే పోతుంది.

పాడి ఉన్నవారు, లేదా కట్టలు కొనేవారిని ముందే మాట్లాడుకున్నవారు ఈ సేవను నిశ్చింతగా తీసుకోవచ్చు. కోతకు తేదీ ఖాయం చేసుకున్న రోజే బేలర్‌కు కూడా పేరు రాయించి, తేదీని రశీదు మీద రాయించుకోండి; రాయకపోతే బయానా ఇవ్వకండి.