కొత్త డొమైన్‌కి ప్రొఫైల్ మార్పు: ఆరేళ్లుగా వాడుతున్న యూజర్ ప్రొఫైల్ విజార్డ్

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీకి సిస్టమ్స్ చూస్తుంటాను. ఆరేళ్ల కిందట కంపెనీ చేతులు మారింది. పాత డొమైన్ (ఆఫీసు సిస్టమ్‌లనీ లాగిన్‌లనీ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు) ఎత్తేసి అందర్నీ కొత్త డొమైన్‌లోకి చేర్చమన్నారు. మొదటి సిస్టమ్ అకౌంట్స్ మేడమ్‌ది. కొత్త డొమైన్‌లో జాయిన్ చేసి, కొత్త పేరుతో లాగిన్ చేయించాను. తెర మీద రీసైకిల్ బిన్, బ్రౌజర్ తప్ప ఇంకేం లేదు. "మా వెంకన్న స్వామి ఏడండీ?" అన్నారావిడ. వాల్‌పేపర్ సంగతి! స్వామి చుట్టూ పరిచి ఉండాల్సిన వంద ఎక్సెల్ ఫైళ్లు ఆ తర్వాత గుర్తొచ్చాయి.

అవి ఎక్కడికీ పోలేదు. విండోస్ మనిషిని పేరుతో కాదు, ఎస్ఐడీ అనే పొడవాటి నంబరుతో గుర్తుపడుతుంది. డొమైన్ మారితే ఆ నంబరూ మారుతుంది. ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకుని సీ డ్రైవ్‌లో ఇంకో ఖాళీ ఫోల్డర్, అంటే కొత్త ప్రొఫైల్, తెరిచి కూర్చుంటుంది. ఆ రోజంతా ఫైళ్లు కాపీ చేస్తూనే ఉన్నాను. ఫైళ్లు వచ్చాయి కానీ అవుట్‌లుక్ సెట్టింగులు, ప్రింటర్లు రాలేదు.

ఆ రాత్రి వెతుకుతుంటే ఫోరెన్సిట్ అనే కంపెనీ వాళ్ల యూజర్ ప్రొఫైల్ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ దొరికింది. ఇది ఏ ఫైలునూ కదిలించదు. పొలం అక్కడే ఉంటుంది, పాసుబుక్కులో పట్టాదారు పేరు మారుతుంది చూడండి, అలాగన్నమాట. పాత ఫోల్డర్ మీద, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) మీద కొత్త ఖాతాకి హక్కులిచ్చి, ఎవరి ఫోల్డర్ ఏదో రిజిస్ట్రీలో రాసి ఉండే ప్రొఫైల్‌లిస్ట్‌లో కొత్త ఎస్ఐడీకి ఆ ఫోల్డర్‌నే చూపిస్తుంది. డొమైన్ పేరు, ఖాతా పేరు కొట్టి, పాత ప్రొఫైల్ ఎంచుకుంటే చాలు, డొమైన్‌లో చేర్చే పని కూడా అదే చూసుకుంటుంది. ఫైళ్లు, సెట్టింగులు తరలించే మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్ యూఎస్‌ఎంటీ కూడా వాడాను. పాత మిషన్ నుంచి కొత్త మిషన్‌కి మార్చాలంటే అదే కరెక్టు. మిషన్ అదే ఉండి డొమైన్ ఒక్కటే మారేటప్పుడు ఏమేం తరలించాలో రాసే దాని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లతో కుస్తీ ఎందుకు?

ఫోల్డర్ పేరు మారకపోవడం నాకు బాగా కలిసొచ్చింది. లేబుళ్లు డిజైన్ చేసే కుర్రాడి పేజ్‌మేకర్ ఫైళ్లలో బొమ్మల లింకులన్నీ వాడి డెస్క్‌టాప్ దారిలోనే ఉంటాయి. ఒక్కటీ తెగలేదు. అనూ ఫాంట్లు ఉన్నచోటే ఉన్నాయి.

రానివి చెప్తాను. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు రావు. విండోస్ వాటిని పాత ఖాతా పాస్‌వర్డుకి, ఎస్ఐడీకి ముడిపెట్టి తాళం వేస్తుంది. ఇల్లు మనదైనా బీరువా తెరుచుకోదు. అందుకే ముందురోజే వాటిని ఎక్స్‌పోర్ట్ చేయించి పెట్టుకుంటాను. వన్‌డ్రైవ్‌లో మళ్లీ సైన్ ఇన్ అవ్వాలి. విండోస్ సొంత తాళం ఈఎఫ్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లుంటే వాటి సర్టిఫికెట్ ముందే బ్యాకప్ తీయకపోతే ఏడవాల్సిందే.

ఒకసారి నేనే బోల్తాపడ్డాను. గోడౌన్‌లో ఒక సిస్టమ్‌ని తొందరలో పాత డొమైన్ నుంచి ముందే తీసేశాను. రీస్టార్ట్ అయ్యాక చూస్తే లోకల్ అడ్మిన్ (డొమైన్‌తో పనిలేకుండా ఆ సిస్టమ్‌లోనే ఉండే పెద్ద ఖాతా) పాస్‌వర్డు ఎవరికీ తెలీదు, పాత డొమైన్ ఖాతా ఇక పనిచేయదు. మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాస్‌వర్డు మార్చేసరికి రాత్రి తొమ్మిదయ్యింది. అప్పట్నుంచి లోకల్ అడ్మిన్‌తో ఒకసారి లాగిన్ అయి చూడందే ఏదీ ముట్టుకోను. పేరుని బట్టి సర్వర్ అడ్రసు వెతికే డీఎన్‌ఎస్ సెట్టింగు కొత్త డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ని నడిపే సర్వర్) వైపు ఉందా అన్నది కూడా అప్పుడే చూస్తాను.

ఉచిత ఎడిషన్‌తో ఒక్కో మిషన్ దగ్గరా కూర్చుని చేసుకోవాలి. పది పదిహేనుకి అది చాలు. వందల్లో ఉంటే స్క్రిప్ట్‌తో నడిపే ఎడిషన్ కొనండి. మా మేనేజ్‌మెంట్ చేత కొనిపించడానికి రెండు నెలలు పట్టింది, అది వేరే కథ.

పోయినేడు డొమైన్ మళ్లీ మారింది. మేడమ్ టీ తాగడానికి వెళ్లినప్పుడు ఆవిడ సిస్టమ్ కానిచ్చేశాను. వచ్చి లాగిన్ అయ్యారు. స్వామివారు అలాగే నిలబడి ఉన్నారు, చుట్టూ ఎక్సెల్ ఫైళ్లు.

"ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అన్నారు.